ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫోటో ఆల్బమ్‌లు ఇంకోదాంట్లో ఎందుకు కనిపించవు?

చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఆల్బమ్ ఉండేది ఫోటో ఫైల్‌లో కాదు, ఆ సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్‌లో. అందుకే ఇంకోదాంట్లో కనిపించదు. ఫైల్ వెంట వెళ్లేవి దాని పేరు, ఫోల్డరు, లోపల రాసిన మెటాడేటా (తేదీ, కీవర్డ్ లాంటి ఫోటో వివరాలు) మాత్రమే.

తిరుపతిలో ఉండేవారు చంద్రగిరి కోట ఫోటోలకు లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ‘చంద్రగిరి’ అని కీవర్డ్ (వెతకడానికి పెట్టే మాట) ఇచ్చారనుకోండి. మామూలుగా అది కేటలాగ్‌లోనే, అంటే లైట్‌రూమ్ డేటాబేస్‌లోనే, ఉండిపోతుంది. ఫోటోలు ఎంచుకుని కంట్రోల్ ఎస్ నొక్కితే జేపెగ్ ఫైల్లోకి ఎక్కుతుంది, అప్పుడు డిజికామ్ అనే ఇంకో ఫోటో సాఫ్ట్‌వేర్‌లో వెతికినా దొరుకుతుంది. కెమెరా రా ఫైళ్లకైతే (జేపెగ్‌గా మార్చని, కెమెరా నేరుగా ఇచ్చేవి) పక్కనే చిన్న ఎక్స్‌ఎంపీ ఫైల్ పుడుతుంది (చెత్త అనుకుని తీసేయకండి, వేరే సాఫ్ట్‌వేర్ చదవగలిగే ఆ వివరాలు అందులోనే ఉంటాయి).

ఆల్బమ్ అంటే ఎప్పుడూ ఫోల్డరే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. డేటాబేస్‌లో ఉండే ఇలాంటి ఆల్బమ్‌లు పదింటిలో ఒకే ఫోటో కనిపించినా డిస్క్‌లో ఉండేది ఒక్క కాపీనే.