నాన్నగారికి శుక్లాలు, లైసెన్సు గడువు ఇంకా 3 ఏళ్లుంది: ఏం చేయాలి?

గడువున్నా సరే, చూపు చాలకపోతే ఆయన నడపకూడదండి. తాళాలు దాచకండి, గొడవే మిగులుతుంది. ముందు పరీక్షించండి: పగటి వెలుగులో, కళ్లద్దాలతో, 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటును ఒక్కో కన్నుతో విడిగా చదవమనండి. లైసెన్సు కోసం మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే ఫారం 1లో అడిగేది ఇదే. చదివేసినా ధీమా వద్దు. శుక్లాలుంటే రాత్రి ఎదురు లైట్లకు కళ్లు చెదురుతాయి. కంటి డాక్టరుకు చూపించండి. ఆపరేషనైతే చాలామంది మళ్లీ నడుపుతారు, డాక్టరు సరేనన్నాకే.

వినకపోతే డాక్టరు రిపోర్టు జతచేసి ఆర్టీవోకు అర్జీ పెట్టండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 16 కింద వాళ్లు మెడికల్ సర్టిఫికెట్ అడగొచ్చు, లైసెన్సు రద్దూ చేయొచ్చు. నడపడం ప్రమాదకరమయ్యేంత జబ్బో లోపమో ఉందని తెలిసీ నడిపితే సెక్షన్ 186 కింద జరిమానా మొదటిసారి 1,000 రూపాయల వరకు, తర్వాత 2,000 వరకు.