వేళ్లకు డబ్బు వచ్చింది, దగ్గుకు రాలేదు

పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇప్పించే చట్టం, జబ్బు చేస్తే ఆదుకునే కార్మికుల బీమా ఈఎస్‌ఐ రెండూ ఒకేసారి వచ్చాయా, పోరాడితే వచ్చాయా అని అడిగారు. ఒకేసారి రాలేదండి, మధ్యలో పాతికేళ్లు పట్టింది. ఆ తేడా మా ఇంట్లోనే చూశాను.

మాది తణుకు దగ్గర పల్లె. నాన్న రైస్ మిల్లులో జట్టు కూలీ. 1998లో ఎలివేటర్ బెల్టులో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఓనరు కట్టు కట్టించి, ఐదు వేలు ఇచ్చి, ఇకమీద ఏ హక్కూ లేదని బాండు పేపరు రాయించాడు. కట్టున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని నాన్న ఎడమ చేత్తో వేలిముద్ర వేశాడు.

మేస్త్రి తీసుకొచ్చిన యూనియన్ ఆయన ఆ కాగితం చదివి నవ్వేశాడు. 1923 నాటి పరిహారం చట్టం 17వ సెక్షన్ ప్రకారం అలా హక్కు వదులుకుంటూ రాసింది చెల్లదట. అదే చట్టం పట్టికలో ఒక చేతికి రెండు వేళ్లు పోతే సంపాదించే శక్తిలో 20 శాతం నష్టం. వేళ్లకు శాతాలేంటని అమ్మ నమ్మలేదు. రెండేళ్ల గడువులోపే పరిహారం కేసులు వినే కమిషనర్ దగ్గర కేసు వేశాం, డబ్బు వచ్చింది. వాయిదాలకు అయిన బస్సు చార్జీల సంగతి అడక్కండి.

ఆ చట్టం ఊరికే రాలేదు. 1918లో మద్రాసు మిల్లు కార్మికులు బి.పి. వాడియాతో కలిసి సంఘం పెట్టుకున్నారు (అప్పట్లో మన గోదావరి జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే). 1920లో దేశంలోని కార్మిక సంఘాలను కలిపి ఏఐటీయూసీ పుట్టింది. జర్మనీలో 1884లో, ఇంగ్లండులో 1897లో ఇలాంటి చట్టాలు అప్పటికే ఉన్నాయి. మన చట్టం 1924 జూలై 1 నుంచి అమలైంది. నన్నడిగితే యజమానులకూ అది మరీ చేదు కాదు, దెబ్బకు ఎంత కట్టాలో లెక్క తేలిపోయింది కదా.

జబ్బు అలా కాదు. దాని బీమాకు నెలనెలా ఎవరు కట్టాలన్న దగ్గరే బండి ఆగిపోయింది. 1931లో కార్మికుల పరిస్థితి చూడటానికి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్ జబ్బు బీమా మాట ఎత్తింది, 1944లో అదార్కర్ అనే ఆర్థికవేత్త ఆ బీమాపై నివేదిక ఇచ్చారు, 1948లో చట్టమైంది. 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీల్లో ఈఎస్‌ఐ మొదలైంది. తర్వాత ఒక్కో ప్రాంతానికే పాకింది. చెరకు ఫ్యాక్టరీల్లాంటి సీజనల్ వాటికి మినహాయింపు. మా ఊరి మిల్లు దాకా అది రానేలేదు.

నాన్నకు ఊక దుమ్ముతో దగ్గు పట్టుకుంది. వేలు తెగితే బెల్టును చూపించాం, దగ్గుకు ఏం చూపిస్తాం? బీడీల వల్లేనన్నారు మిల్లులో. వేళ్లకు వచ్చిన డబ్బులో సగం ఎక్స్‌రేలకూ మందులకూ పోయింది.