మూడో స్థానం నుంచి గెలుపు ఎలా?

ప్రశ్న: ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మా అబ్బాయికి మెల్‌బోర్న్‌లోని ప్రహ్రాన్ నియోజకవర్గంలో ఓటుంది. అక్కడ ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పలేమంటాడు. ఎందుకని?
– ఒక పాఠకుడు, బడా బజార్, బరంపురం (ఒడిశా)

జవాబు: చాపెల్ స్ట్రీట్ చుట్టుపక్కల అద్దె ఇళ్లలో ఉండే యువత, సౌత్ యారా సంపన్నులు, ప్రభుత్వం కట్టిన బహుళ అంతస్తుల భవనాల్లోని పేదలు కలిసి ఒకే ప్రతినిధిని ఎన్నుకోవలసిన నియోజకవర్గం అది. అంతకన్నా పెద్ద కారణం లెక్కింపు పద్ధతి. మన ఒడిశాలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారే ఎమ్మెల్యే. విక్టోరియా రాష్ట్రంలో ఓటరు ప్రతి అభ్యర్థి పేరు పక్కనున్న గడిలోనూ 1, 2, 3 అంటూ తన ప్రాధాన్యాన్ని వరుసగా రాయాలి. ఎవరికీ సగానికి మించి మొదటి ప్రాధాన్య ఓట్లు రాకపోతే, అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరిగా తొలగిస్తూ, వారి బ్యాలెట్లను తదుపరి అంకె ప్రకారం మిగిలినవారికి పంచుతారు.

2014లో గ్రీన్స్ అభ్యర్థి శామ్ హిబ్బిన్స్ తొలి లెక్కలో మూడో స్థానంలో ఉండి కూడా, ఈ పంపకంలో లేబర్ అభ్యర్థిని స్వల్ప తేడాతో దాటి, ఆపై లేబర్ ఓట్లు బదిలీ కావడంతో లిబరల్ అభ్యర్థిపై 277 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆయన రాజీనామాతో 2025 ఫిబ్రవరిలో జరిగిన ఉప ఎన్నికలో అధికార లేబర్ పార్టీ పోటీకే దిగలేదు (మన దగ్గర ఇది ఊహకైనా అందదు). సీటు లిబరల్ అభ్యర్థి రేచెల్ వెస్టవేకు దక్కింది.

2026 నవంబరు 28న జరగవలసిన శాసనసభ ఎన్నికల్లో లేబర్ మూడో స్థానానికి పడిపోతే, ఆ బ్యాలెట్లపై తదుపరి అంకె ఎవరికి పడిందన్నదే నా దృష్టిలో ఫలితాన్ని తేలుస్తుంది. అక్కడ ఓటు వేయడం తప్పనిసరి, మానేస్తే జరిమానా. మీ అబ్బాయికి ఆ సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది.