ఓడినవాళ్ల వైపు నుంచి రాయి

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

1930లో రాడికల్ పార్టీ అధ్యక్షుడు ఇరిగోయెన్‌ని దించేసిన సైనిక కుట్ర నిలవకపోతే అర్జెంటీనా ఎలా ఉండేదో నవలగా రాస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. మొదటి అధ్యాయం చదివాను. కుట్ర నాయకుడు జనరల్ ఉరిబురు సైనిక కళాశాల కుర్రాళ్లను వెంటేసుకుని బ్యునోస్ ఐరిస్‌కి బయల్దేరకముందే నీ హీరో అతన్ని అరెస్టు చేయించాడు. అది తీసెయ్యి. ఉరిబురు పోతే వెనకాలే అదే కుట్రలోని జనరల్ హుస్తో ఉన్నాడు.

కుట్ర ఎందుకు పుట్టిందో చూడు. 1912 చట్టంతో ఓటరు ఒక్కడే గదిలోకి వెళ్లి, తనకి నచ్చిన పార్టీ చీటీ కవర్లో పెట్టి అంటించుకుని వచ్చే పద్ధతి వచ్చింది. ఎవరికి వేశాడో భూస్వామికి తెలిసే వీల్లేదు. ఆ తర్వాత 1916, 1922, 1928, మూడు అధ్యక్ష ఎన్నికల్లోనూ రాడికల్ పార్టీయే గెలిచింది. ఓటుతో గెలిచే దారి కనబడక సంప్రదాయవాదులు సైన్యం వైపు చూశారు. నీ నవలకి కావలసింది కుట్రను ఆపే వీరుడు కాదమ్మా, ఎన్నికల్లో గెలవగల ప్రతిపక్షం.

కాబట్టి సెప్టెంబరు 6న కుట్ర జరగనీ. జనం బ్రసిల్ వీధిలోని అధ్యక్షుడు ఇరిగోయెన్ ఇంట్లో చొరబడి సామాను రోడ్డు మీద పడేసి తగలబెట్టారు. ఆ గుంపులో 1928లో ఆయనకే ఓటేసిన ఒకణ్ని ఊహించి, అతని కళ్లతో రాయి. ఇరిగోయెన్‌ని మాత్రం దేవుణ్ని చెయ్యకు. 1919లో రాజధానిలో కార్మికుల మీద కాల్పులు, ఆ తర్వాత పటగోనియాలో సమ్మెకారుల కాల్చివేతలు ఆయన హయాంలోనే జరిగాయి.

మలుపు 10వ తేదీన పెట్టు. ఆ రోజు సుప్రీంకోర్టు, కొత్త ప్రభుత్వం చేతిలో సైన్యం, పోలీసులు ఉన్నారు, రాజ్యాంగాన్ని పాటిస్తామని ప్రమాణం చేశారు అంటూ దాన్ని గుర్తించింది. 1943లో సైన్యం మళ్లీ వచ్చినప్పుడూ కోర్టు అదే బాట పట్టింది. నీ కథలో జడ్జీలు ఒప్పుకోకూడదు, ఎన్నికలు పెట్టి తప్పుకోమనాలి. తర్వాత 1931 ఏప్రిల్ 5కి రా. గెలుస్తామన్న ధీమాతో ఉరిబురు బ్యునోస్ ఐరిస్ రాష్ట్రంలో నిజంగానే ఎన్నికలు పెట్టాడు. రాడికల్స్ గెలిచారు, ఆయన ఫలితాన్ని రద్దు చేశాడు. నీ నవలలో ఆ ఫలితం నిలబడాలి. ఓడిన సంప్రదాయవాదులు ఆ రాత్రి ఏం మాట్లాడుకుని ఉంటారో, వచ్చే ఎన్నికలకి కౌలుదార్లకి ఏం ఇస్తామని చెబుతారో, అక్కడ తొందరపడకు. పుస్తకానికి ప్రాణం ఆ అధ్యాయమే.

ఆనాటి ప్రపంచ ఆర్థిక మాంద్యాన్ని చెరిపెయ్యకు. ప్రజాస్వామ్యం నిలబడ్డంత మాత్రాన బ్రిటన్ అర్జెంటీనా గొడ్డు మాంసం ఎక్కువ కొనదు. స్త్రీల ఓటు బిల్లుని 1932లో దిగువ సభ ఆమోదించింది, సెనేట్‌లో ఆగిపోయింది. 1947 దాకా చట్టం కాలేదు. నువ్వు ముందే తేవాలంటే ఆ సెనేట్‌లో ఎవరు మనసు మార్చుకున్నారో చూపించాలి. తర్వాత అధ్యక్షుడైన పెరోన్ 1930లో ఇంకా కెప్టెనే. అతన్ని యుద్ధ చరిత్ర పాఠాలు చెప్పుకోనీ, చాలు.

ముందు ఏప్రిల్ 5 రాత్రి రాసి పంపు. మిగతాది చదివాక మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న