లాసెట్‌కి చదవబుద్ధి కావట్లేదా? మా పొగాకు బ్యారన్ దగ్గర నేను చదివిన తీరు

ఉద్యోగం మాత్రం మానకండి. "కావలిలో సెల్ షాపులో చేస్తున్నాను, రాత్రి ఇంటికొచ్చి ఒక వారం బాగా చదువుతాను, తర్వాత రెండు వారాలు పుస్తకం ముట్టను, పని మానేసి హైదరాబాద్‌లో కోచింగ్‌లో చేరితే మూడేళ్ల లా కోర్సు ఎంట్రన్స్ లాసెట్‌కి పట్టుదల వస్తుందా" అని కదా మీరు అడిగింది. నేను ఒకసారి మానేసి చూశా. రాదు.

మాది టంగుటూరు దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఒంగోలులో ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాసేదాన్ని. మొదటిసారి లాసెట్‌కి అప్లై చేసినప్పుడు మూడు నెలలు ముందే పని మానేశా. రోజంతా ఖాళీ. పదింటికి మొదలుపెడదామనుకుంటే పదకొండయ్యేది, పదకొండయ్యాక ఇంకేముంది అన్నం తినేసి కూర్చుందాం అనిపించేది, అన్నం తిన్నాక నిద్ర. నాలుగు రంగుల పెన్నులతో టైంటేబుల్ రాసి గోడకు అంటించా, ఆ మూడు నెలల్లో శ్రద్ధగా చేసిన పని అదొక్కటే. టాపర్ల వీడియో చూస్తే ఒళ్లు పులకరించేది, అది తగ్గగానే ఇంకో వీడియో.

పరీక్షలో 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. నేను మెంటల్ ఎబిలిటీ లెక్కలతో కుస్తీ పట్టి లా భాగానికి వచ్చేసరికి గంట దాటింది. ఆ భాగానికే 60 మార్కులు, మొత్తంలో సగం! చివర్లో 14 ప్రశ్నలు అలాగే వదిలేశా. నెగెటివ్ మార్కులు లేవని తెలుసు, కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కినా మూడు నాలుగు మార్కులు వచ్చేవి, ఆ టెన్షన్‌లో అదీ తోచలేదు. మొత్తం 53 వచ్చాయి. 42 దాటితే క్వాలిఫై కాబట్టి ఇంట్లో వాళ్లు పాసయ్యావు కదా అన్నారు, కానీ ఆ ర్యాంకుకి దగ్గర్లో ఎక్కడా కన్వీనర్ కోటా సీటు (ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేది) రాలేదు.

మళ్లీ అదే కొట్లో చేరా. డిసెంబర్ చివర్లో మా బ్యారన్, అంటే పొగాకు ఆకు వేడి పెట్టి ఎండబెట్టే గది, ముట్టించారు. పొగాకు ఊళ్ల వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆకు ఎక్కించాక ఐదారు రోజులు మంట ఆరకూడదు, ఆకు పసుపు తిరిగేదాకా వేడి తక్కువుండాలి, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ ఈనె ఎండేదాకా తీసుకుపోవాలి, మధ్యలో ఎవరైనా కునుకు తీశారంటే సరుకు మొత్తం చెడుతుంది. ఆ ఏడాది నాయనకు నడుం నొప్పి. అందుకని రాత్రి పన్నెండు దాకా కాపలా నా మీద పడింది. అరగంటకోసారి థర్మామీటర్ చూడాలి, కట్టెలు ఎగదొయ్యాలి, మధ్యలో ఇంక పనేమీ లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. పుస్తకం తీసుకెళ్లింది చదువుదామని కాదు, నిద్ర ఆపుకుందామని.

థర్మామీటర్ చూసొచ్చి పది ప్రశ్నలు, మళ్లీ చూసొచ్చి ఇంకో పది. ఇవాళ మూడ్ ఉందా లేదా అనే మాటే రాలేదు, ఎటూ మేలుకుని ఉండాల్సిందే కాబట్టి. నేను పని మానేసి మూడు నెలల్లో చేసినన్ని ప్రశ్నలు బ్యారన్ దగ్గర మూడు వారాల్లో అయిపోయాయి.

నాయన పక్కనే మంచం మీద నిద్ర పట్టక "ఏందే గొణుక్కుంటన్నావు, పైకి చదువు" అనేవాడు. ఒకరోజు, వేలంలో పాడే పాట ప్రతిపాదన అవుతుందా, అంగీకారం అవుతుందా అనే ప్రశ్న చదివా. "పాడితే సరుకు వాడిదైపోయిద్దా ఏంది? ధర నచ్చకపోతే బేలు వెనక్కి తెచ్చుకోమా?" అన్నాడు. కాంట్రాక్టు చట్టంలో నేను రెండు సార్లు చదివి కూడా తప్పు పెట్టిన ప్రశ్న అది. పాట ప్రతిపాదన మాత్రమే, ఖాయం అయితేనే అంగీకారం. అప్పటినుంచి ప్రతి సూత్రానికీ మా ఊరి గొడవ ఒకటి వెతకడం మొదలుపెట్టా. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ అని 1868 నాటి ఇంగ్లండ్ కేసు, మిల్లు కోసం కట్టించుకున్న చెరువు నీళ్లు పక్కాయన గనిలోకి దిగితే, తన తప్పు లేకపోయినా కట్టించినవాడే నష్టం భరించాలన్నారు. ఎన్నిసార్లు చదివినా నిలవలేదు. రొయ్యల గుంట ఉప్పునీళ్లు పక్కవాళ్ల వరి చేలోకి దిగాయి అనుకున్నా, ఇంక మర్చిపోలేదు. దాంతో పాటే 1987 ఎం.సి. మెహతా కేసు కూడా వచ్చేసింది, ప్రమాదకర పరిశ్రమలైతే రైలాండ్స్‌లో ఉన్న మినహాయింపులు కూడా వర్తించవని.

అంతా సాఫీగా పోయిందనుకోకండి. మార్చిలో బ్యారన్ ఆగింది, నా చదువూ ఆగింది. పదకొండు రోజులు పుస్తకం తెరవలేదు. అప్పుడు అర్థమైంది, నాకేదో కొత్తగా పట్టుదల పుట్టలేదు, థర్మామీటర్ కూర్చోబెట్టింది అంతే. అలాంటిదే ఇంకోటి కావాలని ఆలోచిస్తే కొట్టు కనబడింది. షట్టర్ తొమ్మిదింటికి తీసేది నేనే, ఓనరు వచ్చేది పదింటికి, ఆ గంటలో బేరాలు పెద్దగా ఉండవు. పేపర్ చూసి కరెంట్ అఫైర్స్ ఐదు ముక్కలు పాత బిల్లుల వెనక రాసేదాన్ని, మిగతా టైంలో తప్పు పెట్టిన ప్రశ్నలు మాత్రమే మళ్లీ చేసేదాన్ని. తప్పులకి వేరే నోటు పెట్టండి, చివరి నెలలో నేను చదివిన పుస్తకం అదొక్కటే. రెండోసారి 71 వచ్చాయి, నెల్లూరులో సీటొచ్చింది.

సీనియర్ల దగ్గర పాత గైడు తెచ్చుకుంటే జాగ్రత్త. 2024 జులై 1 నుంచి నేరాలకు శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు శిక్ష 302 కాదు 103, మోసం 420 కాదు 318. (మా ఊళ్లో మాత్రం ఫోర్ ట్వంటీగాడు ఇంకా ఫోర్ ట్వంటీగాడే.) రాజ్యాంగం మాత్రం పాత పుస్తకమైనా పర్లేదు, 14, 19, 21, 32, 226 అధికరణలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి.

కోచింగ్ మాటకొస్తే, ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేరాలు చదివి రాయాల్సిన క్లాట్‌కైతే (నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్) ఆలోచించేదాన్నేమో, తప్పుకి పావు మార్కు కోత కూడా ఉంటుంది దాంట్లో. లాసెట్‌కి అంత ఖర్చు అనవసరం. ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు.

మీరు రాత్రి ఇంటికెళ్లి చదవాలనుకోవడమే తప్పేమో చూడండి. ఇంటికెళ్తే అన్నం, టీవీ, మంచం. షాపు షట్టర్ సగం దించాక, గల్లా లెక్క పెట్టేముందు, నిలబడే పది ప్రశ్నలు చేయండి, అవి అయితేనే లెక్క. ఈ ఆదివారం మాత్రం పాత పేపరు ఒకటి 90 నిమిషాలు టైం పెట్టుకుని రాసి, ఏ భాగంలో ఎన్ని వచ్చాయో ఇక్కడే పెట్టండి, ఎక్కడ పోతున్నాయో చూసి చెప్తా.