కారమెల్ ఫ్రూట్ కాబ్లర్ పైన ఎర్రగా వేగి అడుగున పచ్చిగా ఎందుకు ఉండిపోతుంది?

కాబ్లర్ అంటే పండ్ల ముక్కల మీద పిండి ముద్దలు పెట్టి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం. మీరు రాసింది చదివితే విషయం ఇలా అర్థమైంది. ఆపిల్ ముక్కల్లో చక్కెర కలిపి బేకింగ్ గిన్నెలో పరిచారు. పైన పిండి ముద్దలు వేసి 180 డిగ్రీల్లో 40 నిమిషాలు ఉంచారు. పైన చక్కగా ఎర్రబడింది కానీ చెంచా పెట్టి చూస్తే పిండి అడుగంతా జిగటగా, పచ్చిగా ఉంది, రసం నీళ్లలా కారింది. దానికి ముందు ఒకసారి కారమెల్ (రంగు తిరిగేదాకా కాచిన చక్కెర పాకం) చేసి అందులో ఆపిల్ ముక్కలు వేస్తే చక్కెరంతా రాయిలా గడ్డకట్టింది, పారబోశారు. ఓవెన్ మార్చాలా, లేకపోతే ఓవెన్ లేకుండా పొయ్యి మీదే చేసుకోవచ్చా అని అడిగారు.

ఓవెన్ మార్చకండి. నేనూ ఇదే వంటకాన్ని మూడుసార్లు పాడుచేశాను, మొదట ఓవెన్‌నే తిట్టుకున్నాను. మొదటిసారి అచ్చం మీకు వచ్చినట్టే వచ్చింది. మా అక్క ఒక చెంచా తిని, "పైన బన్ను, కింద గంజి, రెండూ ఒకే గిన్నెలో ఎలా చేశావే?" అంది. రెండోసారి కారమెల్ మాడ్చాను. మూడోసారి గడ్డకట్టిందని మీలాగే పారబోశాను. ఆ పారబోసినదాని గురించి ఇప్పటికీ బాధే, ఎందుకంటే అది పాడవలేదు. ఆ సంగతి కిందకి వస్తుంది.

ముందు పచ్చిగా ఉండిపోయిన అడుగు సంగతి. పిండి ముద్దకి పైనుంచి ఓవెన్ వేడిగాలి తగులుతుంది, కిందనుంచి పండ్ల వేడి తగులుతుంది. మీరు పండ్లని చల్లగా పెట్టారు. చల్లటి పండ్ల ముక్కలు గిన్నెడు ఉంటే అవి ఉడుకు పట్టడానికే పాతిక నిమిషాలు పైన పడుతుంది. అంతసేపూ ముద్ద అడుగు చల్లటి రసంలో నానుతూ ఉంటుంది. వెన్న కరిగి కిందకి దిగిపోతుంది, మైదా రసం పీల్చుకుని జిగురవుతుంది. పండ్లు కుతకుతమనే వేళకి పైభాగం ఎర్రబడిపోయి ఉంటుంది, ఇంక మాడుతుందన్న భయంతో మనం బయటికి తీసేస్తాం. సమయం పెంచితే పైన నల్లబడుతుంది, తగ్గిస్తే కింద పచ్చి. ఎటు తిప్పినా దారి లేదు. కాబట్టి పండ్లు పొయ్యి మీద బుడగలు వచ్చేంత వేడెక్కాకే పైన పిండి పెట్టాలి. ముద్ద తగిలిన క్షణం నుంచే అడుగు కూడా ఉడకడం మొదలవుతుంది. నా కాబ్లర్ బాగుపడింది ఈ ఒక్క మార్పుతోనే.

రసం నీళ్లలా ఉండటానికీ కారణం అక్కడే ఉంది. ఆపిల్‌లో 85 శాతం దాకా నీరే. చక్కెర ఆ నీటిని బయటికి లాగుతుంది. మీరు కార్న్‌ఫ్లోర్ కలిపానని రాశారు కానీ అది పూర్తిగా చిక్కబడాలంటే దాదాపు 95 డిగ్రీల వేడి తగలాలి. గిన్నె అంచుల్లో బుడగలు వచ్చి మధ్యలో రాకపోతే, మధ్యలో ఉన్న కార్న్‌ఫ్లోర్ పనిచేయనట్టే. పొయ్యి మీద ముందే ఉడికిస్తే రసం కొంత ఇగురుతుంది, కార్న్‌ఫ్లోర్ కూడా మీ కళ్లముందే చిక్కబడుతుంది. ఇంక ఓవెన్‌లో దాని గురించి టెన్షన్ ఉండదు.

ఇప్పుడు కారమెల్. చాలామందికి భయం ఇక్కడే, కొంత నిజమైన భయమే. 900 గ్రాముల ఆపిల్‌కి నేను 100 గ్రాముల చక్కెర, 2 టేబుల్ స్పూన్ల నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం తీసుకుంటాను. మందపాటి అడుగున్న స్టీలు గిన్నె వాడండి. నల్ల నాన్‌స్టిక్‌లో రంగు కనపడదు, నేను రెండోసారి మాడ్చింది అందులోనే. అదే ఉంటే మధ్యమధ్యలో ఒక చుక్క తెల్లటి పళ్లెంలో వేసి చూసుకోండి. చక్కెర కరిగేదాకా కలపొచ్చు. పాకం మరగడం మొదలయ్యాక మాత్రం గరిటె పక్కన పెట్టేయాలి, గిన్నెను పట్టుకుని మెల్లగా తిప్పితే చాలు. కలుపుతూ ఉంటే గిన్నె గోడలకి అంటిన చక్కెర పలుకులు మళ్లీ పాకంలో పడి, మొత్తం ఇసుకలా మారిపోతుంది. నిమ్మరసం వేసేది దీన్ని ఆపడానికే. దాని పులుపు చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చిన్న చక్కెరలుగా విడగొడుతుంది, దాంతో పలుకులు కట్టడం కష్టమవుతుంది.

మామూలు చక్కెర 160 డిగ్రీల దగ్గర రంగు తిరగడం మొదలుపెడుతుంది. 170 దగ్గర తేనె రంగు దాటి రాగి రంగులోకి వస్తుంది. మనకి కావలసింది అదే. 180 దాటాక ప్రతి పది సెకన్లకీ చేదు పెరుగుతున్నట్టు ఉంటుంది. పొయ్యి కట్టేసినా గిన్నెలో వేడి ఉంటుంది కాబట్టి పాకం ఇంకా ముదురుతూనే ఉంటుంది. అందుకే మీకు కావలసిన రంగుకి ఒక మెట్టు ముందే మంట తగ్గించి 40 గ్రాముల వెన్న వేసేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డ కాకుండా కాస్త మెత్తబడిన వెన్నయితే తక్కువ చిందుతుంది. ఈ పని చేసేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. మరిగే నీళ్లు చర్మం మీద పడితే జారిపోతాయి, పాకం అంటుకుపోయి అక్కడే కాలుస్తూ ఉంటుంది. నా బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది, రుచి చూద్దామని వేలు పెట్టిన తెలివికి గుర్తుగా. పక్కన ఒక గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకోండి.

బ్రౌన్ షుగర్‌తో ఇది మొదలుపెట్టకండి. దానికి ముందే రంగు ఉంటుంది కాబట్టి ఎంత ముదిరిందో కంటికి తెలియదు. కావాలంటే పైన పిండి మీద చల్లుకోండి.

వెన్న కలిశాక ఆపిల్ ముక్కలు వేయండి. మీకు జరిగింది జరుగుతుంది: చల్లటి ముక్కలు తగలగానే పాకం బిగుసుకుపోయి, గాజు ముక్కల్లా గరిటెకి పట్టుకుంటుంది. అది అలా అవ్వాలి కూడా. కంగారు పడకుండా సన్న మంట మీద మూత పెట్టి నాలుగైదు నిమిషాలు వదిలేయండి. ఆపిల్స్ నీరు వదులుతాయి, గట్టిపడిన చక్కెర ఆ నీటిలో మళ్లీ కరిగిపోతుంది. మూత తీసేసరికి గడ్డలు ఉండవు, ముక్కలన్నీ రాగి రంగు రసంలో తేలుతుంటాయి. నేను మూడోసారి పారబోసింది దీన్నే. ఇంకో నాలుగు నిమిషాలు ఆగుంటే సరిపోయేది.

మూత తీశాక ఆరేడు నిమిషాలు రసం ఇగరనివ్వండి. ముక్కలు చాకు గుచ్చితే దిగాలి, కానీ మధ్యలో కాస్త అడ్డుపడాలి. పూర్తిగా మెత్తబడితే ఓవెన్‌లో గుజ్జయిపోతాయి. ముక్కలు 2 సెంటీమీటర్ల మందం ఉంటే ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది. ఒక టేబుల్ స్పూను నిమ్మరసం, అర టీస్పూను దాల్చినచెక్క పొడి, చిటికెడు కంటే కొంచెం ఎక్కువ ఉప్పు వేయండి. ఉప్పు మానకండి, అది లేకపోతే కారమెల్ వట్టి తీపిగా ఉంటుంది. ఒక టేబుల్ స్పూను కార్న్‌ఫ్లోర్‌ని రెండు స్పూన్ల చల్లటి నీళ్లలో కలిపి పోసి, ఒక్క నిమిషం ఉడికించి దించేయండి. అంతకంటే ఎక్కువసేపు గట్టిగా కలుపుతూ మరిగిస్తే చిక్కదనం మళ్లీ విరిగిపోతుంది.

పిండి సంగతి సులువు. 160 గ్రాముల మైదా, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, 2 టేబుల్ స్పూన్ల చక్కెర, పావు టీస్పూను ఉప్పు కలపండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన 70 గ్రాముల వెన్నను చిన్న ముక్కలుగా కోసి, వేళ్ల కొసలతో మైదాలో నలపండి. అరచేయి వాడితే వెన్న కరిగిపోతుంది. బఠాణీ గింజంత వెన్న ముక్కలు అక్కడక్కడా మిగలాలి. ఓవెన్‌లో అవి కరిగి, వాటిలోని నీరు ఆవిరై పిండిని పొరలు పొరలుగా విడదీస్తుంది. ఈ పని పండ్లు ఉడికించడానికి ముందే చేసి గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టేయండి. 100 మిల్లీలీటర్ల చల్లటి పాలు మాత్రం చివర్లో, పండ్లు సిద్ధమయ్యాకే పోయాలి. బేకింగ్ పౌడర్ తడి తగలగానే పని మొదలుపెడుతుంది. కలిపి పక్కన పెడితే దాని బలం కొంత గాలికి పోతుంది. పాలు పోశాక పది పన్నెండు సార్లు తిప్పి ఆపేయండి. ముద్ద గరుగ్గా, వికారంగా ఉంటుంది, ఉండనివ్వండి. చపాతీ పిండిలా మర్దన చేస్తే మైదాలోని గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ బిగిసి పైభాగం రబ్బరులా సాగుతుంది. గుడ్డు అక్కర్లేదు.

అందం గురించి అసలు ఆలోచించొద్దు. 1839లో అచ్చయిన ఒక అమెరికన్ వంటల పుస్తకంలోనే పీచ్ కాబ్లర్ ఉంది. అతిథుల ముందు పెట్టే గొప్ప వంట కాకపోయినా ఇంట్లోవాళ్లకి చాలా బాగుంటుందనీ, చల్లటి పాలతో తినమనీ అందులో రాశారు. పుట్టుకలోనే మోటు వంటకం.

వేడి పండ్లను బేకింగ్ గిన్నెలోకి తిప్పేటప్పుడు ఒక జాగ్రత్త. గాజు గిన్నె చల్లగా ఉంటే వేడి తగిలి పగలొచ్చు. నాది ఒకటి అలాగే పోయింది, తడి గట్టు మీద పెట్టి మరుగుతున్నది పోశాను. గోరువెచ్చటి నీళ్లతో గిన్నెను కడిగి, తుడిచి, పొడి గుడ్డ మీద పెట్టి పోయండి. పింగాణీదో స్టీలుదో ఉంటే ఇంకా నిశ్చింత. పిండిని పెద్ద చెంచాతో ఏడెనిమిది ముద్దలుగా, మధ్యలో వేలెడు సందు వదిలి పెట్టండి. మొత్తం దుప్పటిలా కప్పేస్తే ఆవిరి బయటికి పోదు, మళ్లీ అడుగు నానుతుంది. ముద్ద మందం 2 సెంటీమీటర్లు దాటొద్దు.

ఓవెన్‌ను ముందే 190 డిగ్రీలకి వేడిచేసి, కిందా పైనా రెండు రాడ్లూ వేసి, మధ్య అరలో 30 నుంచి 35 నిమిషాలు. గిన్నె కింద ఒక ట్రే పెట్టండి, రసం పొంగి రాడ్ల మీద పడితే ఇల్లంతా పొగే. చాలా ఓవెన్లలో మీట చూపించే డిగ్రీలకీ లోపలి వేడికీ తేడా ఉంటుంది. నాదాంట్లో 20 డిగ్రీలు తక్కువని చిన్న ఓవెన్ థర్మామీటర్ కొన్నాకే తెలిసింది. ఇరవై నిమిషాలకే పైన బాగా ఎర్రబడితే ఫాయిల్ వదులుగా కప్పండి. అయిందో లేదో చూడటానికి అంచు ముద్దలో పుల్ల గుచ్చితే లాభం లేదు, అక్కడ ఎప్పుడూ ముందే ఉడుకుతుంది. మధ్యలో ఉన్న ముద్దను ఫోర్కుతో కొంచెం ఎత్తి అడుగు చూడండి. రసం అంటిన అడుగు పొర తడిగా ఉన్నా, దాని మీద పిండి బ్రెడ్డులా గుల్లగా కనిపించాలి. ముద్దగా మెరుస్తుంటే ఇంకో ఐదు నిమిషాలు. థర్మామీటర్ గుచ్చితే 95 డిగ్రీల చుట్టుపక్కల చూపించాలి.

బయటికి తీశాక ఇరవై నిమిషాలు ముట్టుకోకండి. చెప్పడం సులువు, ఆ వాసనకి ఆగడం కష్టం. అప్పుడే తీసిన రసం పల్చగానే ఉంటుంది, చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. మీరు వెంటనే చెంచా పెట్టుంటే, నీళ్లలా కనిపించడంలో దాని వాటా కూడా ఉంటుంది. వెచ్చగా ఉన్నప్పుడు పక్కన వెనిల్లా ఐస్‌క్రీమ్ పెట్టుకుంటే కారమెల్ చేదు, తీపి రెండూ తెలుస్తాయి. మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. మర్నాటికి పైభాగం మెత్తబడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా మెత్తబడుతుంది కాబట్టి ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర పావుగంట పెట్టండి.

వేరే పండ్లతో చేస్తే పొయ్యి మీద సమయం మారుతుంది. గట్టి పియర్స్ ఆపిల్ లాగే. పీచ్‌లకి మూత తీశాక మూడు నిమిషాలు చాలు. పైనాపిల్ చాలా రసం వదులుతుంది, సగం ఇగిరేదాకా ఓపిక పట్టాలి. బెర్రీలను పాకంలో ఉడికిస్తే చితికిపోతాయి. వాటికి కారమెల్‌లో కాస్త నీళ్లు పోసి సాస్‌లా చేసి, కార్న్‌ఫ్లోర్ కూడా అందులోనే ఉడికించి, మరుగుతుండగా బెర్రీల మీద పోసి కలిపేస్తాను. ఆపిల్స్‌లో కూడా ఒకే రకం కాకుండా పుల్లటి గట్టి ఆకుపచ్చవి రెండు వంతులు, తియ్యటి మెత్తటివి ఒక వంతు వేస్తే, మెత్తటివి కరిగి రసం చిక్కబడుతుంది, గట్టివి ముక్కలుగా నిలుస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ కలయికే.

ఇక ఓవెన్ లేకుండా అన్నారు. చేసుకోవచ్చు, కానీ అది కాబ్లర్ అవదు. ఇదే పండ్ల మిశ్రమం పొయ్యి మీద కుతకుతలాడుతుండగా పిండి ముద్దలు వేసి, బిగుతుగా మూత పెట్టి, సన్న మంట మీద 15 నుంచి 18 నిమిషాలు మూత తీయకుండా ఉంచితే ముద్దలు ఆవిరి మీద ఉడుకుతాయి. తెల్లగా, మెత్తగా, ఉడికిన కుడుముల్లా వస్తాయి, ఎర్రటి పైపొర రాదు. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ వైపు దీన్ని గ్రంట్ అనీ స్లంప్ అనీ అంటారు. రసం మామూలుకంటే పావు కప్పు ఎక్కువ ఉంచుకోండి, లేకపోతే అడుగంటుతుంది. ఓవెన్ ఎలాగూ ఉంది కాబట్టి మీరు ముందు అందులోనే ఇంకోసారి చేయండి, ఈసారి పండ్లు మరుగుతుండగా.