కాకి వాలిన వేళ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ‘ఆగస్టు 29: ఒకే రోజున పుట్టిన మహనీయులు’ అని పేరు పెట్టి ఎనిమిది మందిని వరుసగా కూర్చోబెట్టావు. పెళ్ళి బంతిలో పులిహోర వడ్డించినట్టు తలా నాలుగు వాక్యాలు వడ్డించావు, ఎవరికీ ఎక్కువ కాకుండా, ఎవరికీ తక్కువ కాకుండా. అక్షరదోషాలు లేవు, తేదీలూ సరిగానే ఉన్నాయి. అయినా కాగితాలు పక్కన పెట్టి కాఫీ తాగే లోపల ఎనిమిది మందీ లేచి వెళ్ళిపోయారు. ఒక్కరూ నా దగ్గర మిగలలేదు.

అభిప్రాయం చెప్పమన్నావు కాబట్టి దాచకుండా చెబుతాను. ముందు ఆ ‘గురువుగారూ’ మానేయి. బాబాయి గారూ అను, చాలు. పగలంతా ప్రభుత్వ కచేరీలో ఫైళ్ళు రాసి, రాత్రిళ్ళు పత్రికలకు రాసుకున్నవాణ్ణి నేను. అందులో పన్నెండేళ్ళు ఒక వారపత్రికకు ‘ఈ వారం పుట్టినవారు’ అనే శీర్షిక నడిపాను. నువ్వు చేసిన తప్పులన్నీ నీకంటే ముందే చేసి, వాటికి పారితోషికం కూడా పుచ్చుకున్నాను.

కాకతాళీయం అనే మాట నీకు తెలుసు. కాకి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. అంతే కథ. నీ వ్యాసంలో మాత్రం కాకే పండును రాల్చింది. గిడుగు రామమూర్తి పంతులు గారినీ హాకీ ధ్యాన్‌చంద్‌నూ ఒకే కాడికి కట్టి, ‘ఒకే తేదీన పుట్టినందువల్లనేమో, ఇద్దరిలోనూ అదే పట్టుదల’ అని రాశావు. ఆ ‘నేమో’ వెనకాల దాక్కున్నావు కూడా. పట్టుదల లేనివాడెవడూ పుట్టినరోజుల శీర్షికలోకి రాడమ్మా. ఆ వాక్యంలో ‘పట్టుదల’ తీసేసి ‘రెండు చెవులు’ అని పెట్టి చూడు. అప్పుడూ నిజమే అవుతుంది.

చెవులంటే గుర్తొచ్చింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

తేదీలు కలవడం నువ్వు ఆశ్చర్యపడినంత వింత కూడా కాదు. ఒక బంతిలో 23 మంది భోజనానికి కూర్చుంటే, వారిలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకటే అయ్యే అవకాశం సగానికి కాస్త పైనే ఉంటుంది. 23 మందిని ఇద్దరిద్దరుగా జత కలుపుకుంటూ పోతే 253 జతలు తేలుతాయి, కిటుకు అక్కడుంది. 57 మంది కూర్చుంటే నూటికి 99 పాళ్ళు. అదే, ప్రత్యేకంగా నీ తేదీతో కలిసేవాడే కావాలంటే సగం ఆశ పెట్టుకోవడానికే 253 మందిని పిలవాలి. మరి లోకంలో పేరుపడ్డవాళ్ళు వేల మంది, ఏడాదికి ఉన్న తేదీలు 366. క్యాలెండర్‌లో ఎక్కడ వేలు పెట్టినా నలుగురు దొరుకుతారు. దొరికారు కదా అని రాయడం మొదలుపెడితే నా పన్నెండేళ్ళ శీర్షిక తయారవుతుంది.

ఇప్పుడు చెవి సంగతి. నీ రాతలో గిడుగు వారు ‘వ్యావహారిక భాషోద్యమ పితామహుడు’. సరే, పాఠ్యపుస్తకంలోనూ అంతే ఉంది. ఆ బిరుదు తీసి కాసేపు చిలక్కొయ్యకు తగిలించు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి, పర్లాకిమిడిలో బడి పంతులుగా చేరాడు. కొండల మీద సవరలు మాట్లాడుకునే భాష ఆయన చెవిన పడింది. దానికి లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. మన్యంలో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. ఆ జ్వరానికి క్వినైన్ మీద క్వినైన్ మింగితే చెముడు వచ్చింది, చివరిదాకా పోలేదు.

అమ్మాయీ, ఇక్కడ ఆగు. జనం నోట వినబడేదే భాష అని వాదించిన మనిషికి వినబడకుండా పోయింది. అదీ ఇంకొకరి భాష వినడానికి కొండలెక్కినందుకు పోయింది. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. ఆ నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు, ఇంకో రెండేళ్ళకు పోయారు. ఇదంతా నీ నాలుగు వాక్యాల్లో ఎక్కడ? ‘అవిశ్రాంత కృషి’ అన్న రెండు మాటల కింద పడి నలిగిపోయింది.

పోనీ ఆయనకు జోడీ కావాలనుకున్నావు. తేదీల్లో వెతకడమెందుకు? విజయనగరంలో చదువుకునే రోజుల్లో గిడుగుకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. తర్వాత వాడుక భాష కోసం ఇద్దరూ ఒకే పక్షాన నిలబడి దెబ్బలాడారు. ఆ ఇద్దరు కుర్రాళ్ళు ఒకే బడి గదిలోంచి రావడం గురించి నువ్వు పది పేజీలు రాసినా విసుక్కోకుండా చదువుతాను. ఇంకో తమాషా చూడు. గురజాడ పుట్టినరోజు 1862 సెప్టెంబరు 21 అని జరుపుకుంటాం, కాదు 1861 నవంబరు 30 అనే లెక్క కూడా ఉంది. ఆయన్ని నీ శీర్షికలో ఏ వారం కూర్చోబెడతావు?

ధ్యాన్‌చంద్‌ను వదిలేయమని అనడం లేదు. 1905లో అలహాబాదులో పుట్టినవాడు, సిపాయి, అసలు పేరు ధ్యాన్ సింగ్. పగటి కొలువు అయ్యాక వెన్నెల్లో ఆడేవాడు కాబట్టి తోటివాళ్ళు ‘చంద్’ అని పిలిచారని చెబుతారు. వెన్నెల్లో బంతి ఎంతవరకు కనబడుతుందో నువ్వు ఎప్పుడైనా చూశావా? ఒక పున్నమినాడు డాబా మీదికో పొలం గట్టుకో వెళ్ళి చూసి, అప్పుడు ఆ వాక్యం రాయి. ఇక ఈయన్నీ గిడుగునూ ఒకే వ్యాసంలో ఉంచి తీరాలని నీకు మొండిపట్టు ఉంటే, ఇద్దరినీ పుట్టిన రోజు దగ్గర కలపకు, 1936 దగ్గర కలుపు. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులో కలిసింది. అది సహించలేక 72 ఏళ్ళ ముసలాయన అన్నేళ్ళు బతికిన ఊరు విడిచి రాజమండ్రికి వచ్చేశాడు. అదే ఏడాది ఆగస్టులో బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్లో 30 ఏళ్ళ ధ్యాన్‌చంద్ కెప్టెన్‌గా జర్మనీ మీద 8–1తో గెలిచాడు. వాన వల్ల ఒకరోజు వాయిదా పడిన ఆట అది, జరిగింది ఆగస్టు 15న. (నీ కలం అప్పుడే దురద పెడుతోందని నాకు తెలుసు. ‘సరిగ్గా పదకొండేళ్ళకు అదే తేదీన...’ అని మొదలుపెట్టబోతున్నావు. వద్దు.) ఒకరు ఊరు పోగొట్టుకున్న ఏడాది ఇంకొకరు లోకాన్ని గెలిచారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకో. మధ్యలో వంతెన కట్టకు. చదివేవాడికి ఈత వచ్చు.

తేదీతో పాటు సంవత్సరం కూడా కలిస్తే వ్యవహారం వేరు. 1809 ఫిబ్రవరి 12 పేరు చెప్పగానే అందరూ లింకన్, డార్విన్ అంటారు. కెంటకీలో దుంగల గుడిసె, ష్రూస్‌బరీలో కలిగిన వైద్యుడి మేడ. ఈ గుడిసె–మేడ వరస అరిగిపోయింది, దాన్ని ముట్టుకోకు. ఇద్దరిదీ ఒకే వయసు కదా, ఆ ఒక్క తాడు పట్టుకో. 1831లో 22 ఏళ్ళ లింకన్ పడవ మీద సరుకు వేసుకుని మిసిసిపీ నది వెంట న్యూ ఆర్లీన్స్ వెళ్ళాడు. అప్పట్లో ఆ నగరం బానిసల అంగడికి పేరుమోసింది. మరుసటి ఏడాది 23 ఏళ్ళ డార్విన్ బీగిల్ ఓడ దిగి బ్రెజిల్‌లో అడుగుపెట్టాడు. అక్కడ బానిసల బతుకు చూసి రగిలిపోయాడు. ఇద్దరు యువకులు, రెండు పడవలు, రెండు రేవులు. వాళ్ళు ఒకే రోజున పుట్టడం వల్ల నీకు ఒరిగే లాభం ఇదొక్కటే: ఏ ఏడాది అడిగినా ఇద్దరి వయసూ ఒకటే. జాతకం కలిపినట్టు గుణాలు కలపబోయావో, మళ్ళీ కాకి దగ్గరికి వెళ్ళిపోతావు.

ఇక నా పరువు పోయిన కథ. శీర్షిక మొదలుపెట్టిన రెండో ఏడు, ‘ఆగస్టు 28న పుట్టిన ఇద్దరు సాహితీ చక్రవర్తులు గోథే, టాల్‌స్టాయ్’ అని బ్రహ్మాండంగా రాశాను. (‘సాహితీ చక్రవర్తులు’ అన్నందుకే జరిమానా వేయాలి.) వారం తిరక్కముందే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి దగ్గర నుంచి కార్డు వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, విషయం చెంపపెట్టులా ఉంది. టాల్‌స్టాయ్ 1828 ఆగస్టు 28న పుట్టింది పాత రష్యా క్యాలెండర్ ప్రకారమనీ, ఆ శతాబ్దంలో మన క్యాలెండర్‌కూ దానికీ 12 రోజులు తేడా అనీ, కాబట్టి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9 అనీ, గోథేది మాత్రం కొత్త లెక్కేననీ రాశారు. రెండు వేరు వేరు గడియారాలు చూసి ఒకే టైము అన్నావు నాయనా అని ఆఖరి వాక్యం. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో ఉంది.

తర్వాత చాలా కాలానికి ఇంకోటి తెలిసింది. టాల్‌స్టాయ్‌కి తన 28 అంకె మీద మహా గురి. 82 ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి వెళ్ళిపోయిన రాత్రి కూడా పాత లెక్కలో అక్టోబరు 28. ఆ మనిషి మనసులో ఉన్న అంకెను మనం సెప్టెంబరు 9 చేసి చేతిలో పెట్టాం. ఆ కొత్త తేదీన పక్కన ఎవరున్నారంటే మన కాళోజీ నారాయణరావు, 1914. ఆయన పుట్టినరోజు తెలంగాణ భాషా దినోత్సవం. నీ గిడుగు వారిది తెలుగు భాషా దినోత్సవం. పాత లెక్కలో టాల్‌స్టాయ్ గిడుగు కంటే ఒకరోజు ముందు, కొత్త లెక్కలో కాళోజీ పక్కన. రష్యా 1918లో క్యాలెండర్ మార్చుకుంటే మన శీర్షికలో కుర్చీలు మారాయి. తేదీ అనేది మనిషి పెట్టుకున్న లెక్క అని తెలియడానికి నాకు ఒక కార్డు కావలసి వచ్చింది. ఇంత దూరం ఎందుకు, అన్నమయ్య జయంతి వైశాఖ పౌర్ణమి, బుద్ధ జయంతీ అదే రోజు. పంచాంగంలో వాళ్ళిద్దరూ ఏనాడూ విడిపోరు. ఇంగ్లీషు తేదీల్లో వెతికేవాడికి ఏటా చోటు మారుస్తూ చేతికి చిక్కరు.

తేదీ నిజంగా కథలో పాత్రధారి అయ్యే సందర్భాలు కొన్ని ఉంటాయి, అవి దొరికితే మాత్రం వదలకు. ఇళయరాజా పుట్టింది జూన్ 3న అంటారు, కానీ జరుపుకునేది జూన్ 2న. 3వ తేదీ కరుణానిధి పుట్టినరోజు, ఆ రోజు ఆయనకే ఉండాలని తనది ఒకరోజు ముందుకు జరుపుకున్నారట. చూశావా, ఇక్కడ తేదీ ఊరికే కలవలేదు. దాన్ని ఒక మనిషి చేత్తో పట్టుకుని జరిపాడు, అందులో గౌరవం ఉంది. కవి కణ్ణదాసన్‌దీ సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్‌దీ జూన్ 24, ఒకే ఏడాది ఎడం. కానీ వాళ్ళు హార్మోనియం ముందు కూర్చుని ఏళ్ళ తరబడి పాటలు కట్టారు. తేదీ అక్కడ కొసరు.

కాబట్టి ఎనిమిది మందిలో ఆరుగురిని పంపించేయి. నొచ్చుకోరులే, వాళ్ళకి వేరే శీర్షికలున్నాయి. గిడుగు చెవి గురించి ఒక్క పేరా రాసి పంపు, ‘కృషి’, ‘సేవలు’, ‘చిరస్మరణీయం’ అనే మూడు మాటలు లేకుండా. అది నచ్చితే బెర్లిన్ వానలోకి వెళదాం.

ఉత్తరం చివర ‘మీ పుట్టినరోజు ఎప్పుడు, ఆ రోజున ఎవరెవరు పుట్టారో వెతికి పంపుతాను’ అన్నావు. రికార్డుల ప్రకారం జూలై 1. వెతకనక్కరలేదు, ఆ రోజున పుట్టినవాళ్ళు మా తరగతిలోనే పద్నాలుగు మంది. బడిలో చేర్చే రోజున హెడ్‌మాస్టారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, కుడిచేతిని తలమీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమన్నారు. అందితే అయిదేళ్ళు నిండినట్టు. నాకు వేళ్ళ కొసలు తగిలీ తగలకుండా ఉంటే మా నాన్న వెనకనుంచి మోచేయి కాస్త నొక్కాడు. హెడ్‌మాస్టారు చూసీ చూడనట్టు రిజిస్టరులో జూలై 1 అని రాసి, అద్దుడు కాగితం అద్దారు. మా అమ్మ లెక్క వేరు. ఏరువాక పున్నమి వెళ్ళిన మూడో నాడు, పొద్దు వాలే వేళ. ఏ సంవత్సరమో ఆవిడా ఏటా ఒకలాగా చెప్పేది కాదు.

నెల మొదటి తేదీన పుట్టినవాడికి అంతకు ముందు నెల ఆఖరి రోజే పదవీ విరమణ. జూన్ 30న మా కచేరీలో ముగ్గురం ఒకేసారి దిగిపోయాం. ఒకే సభ, మూడు దండలు, మూడు శాలువాలు. ‘ఒకే రోజున పుట్టి, ఒకే కచేరీలో పనిచేసి, ఒకే రోజున విరమిస్తున్న త్రిమూర్తులు’ అని మా ఆఫీసరు గారు గద్గద స్వరంతో మాట్లాడుతున్నారు. నా పక్క కుర్చీలో మా అటెండరు. అతను దండ సర్దుకుంటూ నా చెవి దగ్గరికి వంగి, “నేను పుట్టింది సంక్రాంతి చలిలో అండీ, మా అమ్మ కుంపటి పక్కన కన్నదట” అన్నాడు.

పేరా పంపు. ఎదురుచూస్తుంటాను.

మీ బాబాయి